ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే మీ ఫేవరెట్స్‌లో ఏం మిగులుతుంది?

శంషాబాద్ రన్‌వే పొడవు 4 కిలోమీటర్ల పైమాటే. విమానం దాని చివరికి చేరే లోపే క్యాబిన్ సిబ్బంది ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టమంటారు. పెట్టాక ఒక్కసారి మీ ఫోన్ తెరిచి చూడండి. ప్లేలిస్టులో 800 పాటలు ఉండొచ్చు, కానీ డౌన్‌లోడ్ చేయనివన్నీ బూడిద రంగులోకి వెళ్లిపోతాయి. వాచ్‌లిస్టులో 60 సినిమాలు కనిపిస్తాయి, ప్లే నొక్కితే ఒక చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఆ నిమిషంలో ఏది ప్లే అయితే అదే మీ దగ్గర ఉన్నట్టు. మిగతాదంతా ఒకప్పుడు పక్కింటి కిటికీలోంచి టీవీ చూసినట్టే. వాళ్లు తలుపేస్తే మన సినిమా అయిపోయినట్టే.

ఇది విమానం ఎక్కేవాళ్ల సంగతే అనుకోకండి. "నా ఫేవరెట్ పాటలు, నా ఫేవరెట్ సినిమాలు, నేను పదిసార్లు చూసిన సీరియల్" అని మనం చెప్పుకునేవాటిలో నిజంగా మన దగ్గర ఉన్నది ఎంత? ఈ ప్రశ్న ఇంట్లో సోఫాలో కూర్చున్నవాళ్లకీ వర్తిస్తుంది. కాకపోతే ఎయిర్‌పోర్టు దగ్గర అది కాస్త గట్టిగా తగులుతుంది. చదువుకో, ఉద్యోగానికో వెళ్లే పిల్లల్ని దింపడానికి డిపార్చర్స్ గేటు దగ్గరికి రెండు మూడు కార్లలో కుటుంబాలు దిగుతాయి. సూట్‌కేసులో పచ్చడి ఎంత, పొడులు ఎంత అన్నది గ్రాములతో సహా తూచి సర్దుతారు. వాళ్లు పెరిగిన పాటలూ సినిమాలూ మాత్రం "యాప్‌లో ఉన్నాయిలే" అన్న ఒక్క మాట మీద వెళ్లిపోతాయి.

పెన్‌డ్రైవ్ అన్నల కలెక్షన్

కలెక్షన్ అంటే ఏమిటో తెలియాలంటే ఆరాంఘర్ చౌరస్తా దాటి గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా శంషాబాద్ వచ్చే క్యాబ్‌లో ఎక్కండి. బ్లూటూత్, ఇంటర్నెట్ ఎన్ని వచ్చినా చాలామంది డ్రైవర్ అన్నల డ్యాష్‌బోర్డులో ఇంకా ఒక చిన్న పెన్‌డ్రైవ్ మెరుస్తూ కనిపిస్తుంది. అందులో ఫోల్డర్లు ఉంటాయి. దేవుడి పాటలు, ఓల్డ్, ఫోక్, డీజే, ఇళయరాజా. పొద్దున మొదటి ట్రిప్పుకి దేవుడి పాటలు, మధ్యాహ్నం ఫోక్, అర్ధరాత్రి ఫ్లైటు దిగినవాళ్లను తీసుకెళ్లేటప్పుడు నిద్ర రాకుండా డీజే. ఏ అల్గారిథమ్ చెప్పలేదు. ఎవరి రోజును బట్టి వాళ్లు ఎంచుకున్నారు. సిగ్నల్ ఉన్నా లేకపోయినా, రీచార్జ్ అయిపోయినా పాట ఆగదు.

దీనికి ముందు తరం సంగతి మీ నాన్ననో మామయ్యనో అడగండి. క్యాసెట్ షాపుకి వెళ్లి, తెల్ల కాగితం మీద నచ్చిన పాటల పేర్లు వరసగా రాసిచ్చేవాళ్లు. సీ-60 క్యాసెట్ అయితే రెండు వైపులా కలిపి గంట, సీ-90 అయితే గంటన్నర. అందులో పట్టేది 12 నుంచి 18 పాటలు. కాబట్టి ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఆలోచించాల్సి వచ్చేది. వారం తర్వాత వెళ్లి క్యాసెట్ తెచ్చుకుంటే అది ఆ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేని క్యాసెట్. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బా మన ఇళ్లలో ఒక్కొక్కరి అభిరుచికీ ఒక ఆకారం ఇచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే కలెక్షన్ అన్న మాటకి తెలుగువాళ్లలో గుర్తొచ్చే పేరు వి.ఎ.కె. రంగారావు. బొబ్బిలి జమీందారీ కుటుంబానికి చెందిన ఆయన చెన్నైలో ఉంటూ నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డులు వేల సంఖ్యలో, 40 వేలకు పైగా సేకరించారు. లిమ్కా బుక్ ఆఫ్ రికార్డ్స్‌లోకి ఆ సేకరణ ఎక్కింది. ఆ రికార్డులు ఎలాంటివో తెలిస్తే ఆ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. లక్కతో చేసిన పళ్లేలు అవి. చేయి జారితే పింగాణీలా పగులుతాయి. మామూలు పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. అంటే ఒక పాట, కొన్నిసార్లు ఒక పాటలో సగం. ఆయన వాటిని దాచుకుని ఊరుకోలేదు. ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఏ సంవత్సరం అన్న వివరాలు వెతికి వ్యాసాలు రాశారు. పాత తెలుగు పాటల గురించి ఈరోజు మనకు తెలిసిన ఎన్నో వివరాలకు అలాంటి ఇంటి సేకరణలే ఆధారం.

యాప్‌లో ఉన్నది అద్దెకు ఉన్నట్టు

మన తరం ఈ ఇబ్బందులేవీ పడలేదు. 2016 ఒక్క ఏడాదిలోనే కథ మారిపోయింది. జనవరిలో నెట్‌ఫ్లిక్స్ వచ్చింది, సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకు దించింది, డిసెంబరులో ప్రైమ్ వీడియో వచ్చింది. 2019లో స్పాటిఫై, 2020లో తెలుగు కోసమే ఆహా. నెలకో ఏడాదికో కొంత కడితే చాలు, జీవితాంతం విన్నా తరగనన్ని పాటలు. సజ్జ మీది క్యాసెట్లు, సీడీలు "ఇంకెందుకివి" అని పాత సామాన్ల బండికి వెళ్లిపోయింది కూడా ఈ కాలంలోనే.

కానీ యాప్‌లో హార్ట్ గుర్తు నొక్కితే ఆ పాట మనది కాదు. మనం కట్టేది అద్దె. సినిమా హక్కులున్నవాళ్లకీ యాప్ కంపెనీకీ మధ్య కొన్నేళ్ల ఒప్పందం ఉంటుంది. అది ముగిస్తే సినిమా ఒక రాత్రిలో మాయమై ఇంకో యాప్‌లో తేలుతుంది, లేదా ఎక్కడా తేలదు. డౌన్‌లోడ్ చేశాం కదా అనుకోవడానికీ లేదు. ఆ ఫైల్ తాళం వేసి ఉంటుంది, తాళంచెవి కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో కొన్ని టైటిల్స్ ఒకసారి ప్లే నొక్కాక 48 గంటల్లో గడువు తీరిపోతాయి. స్పాటిఫైలో డౌన్‌లోడ్ చేసిన పాటలు ఉండాలంటే కనీసం 30 రోజులకోసారి ఆన్‌లైన్‌కి రావాలి. దేశం మారితే ఇంకో చిక్కు. హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి ఇక్కడ కనిపించిన సినిమా అక్కడ దిగాక కనిపించకపోవచ్చు.

యాప్ మొత్తమే పోతే? అదీ చూశాం. 2024లో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఏళ్ల తరబడి ఒక్కో పాటా చేర్చుకుంటూ పేర్చుకున్న ప్లేలిస్టులు ఉన్నవాళ్లు వాటిని ఇంకోచోట మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే. పాటలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, నిజమే. కానీ ఏ వరసలో, ఏ పేరుతో, ఏ రోజుల్లో పేర్చుకున్నామన్నది ఎక్కడా దొరకదు. "బీటెక్ ఫైనల్ ఇయర్" అన్న పేరుతో ఉన్న 43 పాటల లిస్టు బయటివాడికి 43 పాటలు మాత్రమే. మనకి అది ఒక హాస్టల్ గది.

ఇదంతా యాప్‌లను తిట్టడానికి కాదు. నేనూ రెండింటికి డబ్బులు కడుతున్నాను, హాయిగా వాడుతున్నాను. కొత్తవి కనిపెట్టడానికి యాప్ బాగుంటుంది. దాచుకోవడం దాని పని కాదు. కిరాణా కొట్టు పక్కనే ఉందని ఇంట్లో బియ్యం డబ్బా లేకుండా ఎవరూ ఉండరు కదా.

పోయినవి ఎలా పోయాయి, మిగిలినవి ఎలా మిగిలాయి

"ఎవరో ఒకరు దాచే ఉంటారులే" అనుకోవడం మనకు అలవాటు. చరిత్ర మాత్రం వేరేలా చెబుతుంది. తెరమీద తెలుగు మాట మొదట వినిపించింది 1931 అక్టోబరులో విడుదలైన 'కాళిదాస్'లో. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమాలో తమిళం, తెలుగు రెండూ ఉన్నాయి. ఈరోజు ఆ సినిమా లేదు. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' కూడా లేదు. అప్పటి ఫిల్ములు నైట్రేట్‌తో చేసినవి, సులువుగా అంటుకుంటాయి. కొన్నింటిని వెండి కోసం కరిగించారు. సినిమాలు భద్రపరచడానికి పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చిందే 1964లో. అప్పటికే ఎన్నో పోయాయి. వచ్చాక కూడా 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో అక్కడ దాచిన నైట్రేట్ ఫిల్ములు కాలిపోయాయి.

ఇప్పుడు ఇంకో కథ వినండి. బీబీసీ 1960ల్లో వేసిన 'డాక్టర్ హూ' సీరియల్ టేపుల్ని ఖరీదు ఎక్కువని చెరిపి మళ్లీ వాడుకుంది. అలా 90కి పైగా ఎపిసోడ్ల బొమ్మ దొరకకుండా పోయింది. కానీ వాటన్నిటి శబ్దం మాత్రం ఇప్పటికీ ఉంది. ఎలాగంటే, సీరియల్ పిచ్చి ఉన్న కొందరు కుర్రాళ్లు ఆ రోజుల్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి ఇంట్లో రికార్డు చేసుకున్నారు. బీబీసీ అంత సంస్థ దగ్గర లేనిది ఎవరి ఇంటి అల్మారాలోనో దొరికింది. వాళ్లేమీ చరిత్రను కాపాడదామని చేయలేదు. నచ్చింది, దాచుకున్నారు. అంతే.

సంతోషించాల్సిన సంగతులూ ఉన్నాయి. 1957 నాటి 'మాయాబజార్'కి హైదరాబాద్ సంస్థ ఒకటి రంగులద్ది 2010లో మళ్లీ థియేటర్లకి తెచ్చింది. 2019లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు పాత ఫిల్ముల్ని ఎలా కాపాడాలో నేర్పే వర్క్‌షాప్ మన అన్నపూర్ణ స్టూడియోస్‌లోనే పెట్టారు. 2022లో 'పోకిరి', 'జల్సా' మళ్లీ విడుదలైతే థియేటర్లు ఎలా ఊగిపోయాయో మీలో చాలామంది లోపలుండే చూశారు. పాతవాటి మీద మన తరానికి ప్రేమ లేదన్నవాళ్లకి ఆ రోజే జవాబు దొరికింది.

ఏ యాప్‌లోనూ లేని పాట

మా ఇంట్లో ఒక సీ-60 క్యాసెట్ ఉంది. కొన్నప్పుడు అందులో ఉన్నవి భక్తి పాటలు. బీ సైడ్ చివర కొన్ని నిమిషాలు ఖాళీ. కొన్న క్యాసెట్ మీద మళ్లీ రికార్డు కాకుండా పైన రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. ఒక రంధ్రానికి కాగితం ముక్క మడిచి పెట్టి, టూ ఇన్ వన్ ముందు మా నాయనమ్మని కూర్చోబెట్టి నాన్న ఆమెతో ఒక బతుకమ్మ పాట పాడించాడు. 4 నిమిషాలు. మధ్యలో ఎవరో "చాయ్ పెట్టనా" అని అడగడం, ఆమె పాట ఆపకుండానే చేత్తో వద్దన్నట్టు గాజులు గలగలమనడం కూడా అందులో ఉన్నాయి.

నాయనమ్మ ఇప్పుడు లేదు. చేవెళ్ల వైపు ఆమె పుట్టిన ఊళ్లో పాడే ఆ వరస మాకెవరికీ పూర్తిగా రాదు. ఆ క్యాసెట్‌ని నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఫైల్ సైజు 42 ఎంబీ. ఆఫీసులో మేము రోజూ అటూఇటూ పంపే ఫైళ్లతో పోలిస్తే లెక్కలోకే రాదు. కానీ నా కలెక్షన్ మొత్తంలో, పోతే మళ్లీ ఎంత డబ్బు పెట్టినా దొరకనిది ఆ ఒక్కటే. 'గీతాంజలి' నా డిస్క్‌లో పోతే ఇంకెక్కడో దొరుకుతుంది. ఇది దొరకదు. కలెక్షన్ మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ప్రపంచంలో ఒక్కటే కాపీ ఉన్నవాటితో మొదలుపెట్టండి. సినిమాలు తర్వాత.

క్యాసెట్లకు ఆయుష్షు తగ్గుతోంది. టేపు మీది పూత ఊడుతుంది, టేపు అంటుకుంటుంది, ప్లే చేసే డెక్కులు దొరకడం తగ్గుతోంది, బాగుచేసేవాళ్లు ఇంకా తగ్గుతున్నారు. ఇల్లు మారినప్పుడు, పాత ఇల్లు అమ్మి అపార్ట్‌మెంటుకి వెళ్లినప్పుడు సజ్జ మీది డబ్బా మొదట బయటికి వెళ్తుంది. కాబట్టి ఇది ఎప్పుడో తీరిగ్గా చేసే పని కాదు.

క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కి

పని కష్టం కాదు, ఓపిక కావాలి. పనిచేసే క్యాసెట్ ప్లేయర్ ఒకటి సంపాదించండి. మీ దగ్గర లేకపోతే బంధువుల ఇంట్లో అడగండి, కోఠి గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కేబుళ్లు, యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ల కోసం వెతకొచ్చు. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ ఆడియో ఇన్‌పుట్‌కి కేబుల్. రికార్డు చేయడానికి ఆడాసిటీ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

ముందు దూదికి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ప్లేయర్ హెడ్ తుడవండి. ఏళ్లుగా కదలని క్యాసెట్ అయితే ఒకసారి చివరి దాకా ముందుకీ వెనక్కీ తిప్పండి. తర్వాతే ప్లే. 60 నిమిషాల క్యాసెట్‌కి 60 నిమిషాలు పడుతుంది, అడ్డదారి లేదు. సీడీ క్వాలిటీలో వేవ్ ఫైల్‌గా చేస్తే గంటకి సుమారు 635 ఎంబీ. దాన్ని ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మారిస్తే శబ్దం ఏమీ పోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. బుసబుస శబ్దం తీసేయాలని అనిపిస్తుంది. తీసుకోండి, కానీ ముందు అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. రేపు ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ వస్తుంది, దానికి అసలుది కావాలి.

అన్నీ దాచేస్తే అది గోదాము

నా ఫ్రెండ్స్‌లో 4 టీబీ డిస్క్ నిండా సినిమాలున్నవాళ్లు ఉన్నారు. ఏడాదిలో వాళ్లు అందులోంచి చూసింది రెండో మూడో. ఏమున్నాయో వాళ్లకే తెలియదు. సారెగమ వాళ్లు 2017లో కార్వాన్ అన్న పెట్టె తెచ్చారు, 5,000 పాటలు ముందే నింపి. ఆ తర్వాత తెలుగు పాటలతోనూ వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లకి అది నిజంగా మంచి బహుమతి. అయితే 5,000 పాటలు దాచడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. 5 నిమిషాల పాట 128 కేబీపీఎస్ ఎంపీ3లో 5 ఎంబీ కూడా ఉండదు. 5,000 పాటలంటే 24 జీబీ. గోరంత మెమరీ కార్డులో సరిపోతుంది. చోటు సమస్య తీరిపోయింది కాబట్టే ఎంచుకోవడం మరీ కష్టమైంది. సీ-60 మన నాన్నలతో చేయించిన పని మనం మనతోనే చేయించుకోవాలి.

నేను పెట్టుకున్న హద్దు 100 పాటలు, 25 సినిమాలు, 10 షోలు. కొత్తది ఒకటి చేరాలంటే పాతది ఒకటి దిగాలి. చేరడానికి మూడు షరతులు. కనీసం రెండుసార్లు చూసి ఉండాలి లేదా విని ఉండాలి. ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యంలో రాయగలగాలి. ఇంకొకరికి చూపించాలనిపించాలి. మచ్చుకి నా షీట్‌లోంచి కొన్ని:

మాయాబజార్ (1957): కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లీ కెమెరా. గ్రాఫిక్స్ లేని రోజుల్లో ఎస్వీ రంగారావు పెళ్లి వంటకాలు ఖాళీ చేసే సీను చూసి ఇప్పటికీ ఇంట్లో మూడు తరాలూ ఒకేసారి నవ్వుతారు. నలుపు తెలుపుదే ఉంచాను.

సిరివెన్నెల (1986): కె. విశ్వనాథ్ సినిమా, కె.వి. మహదేవన్ సంగీతం, వేణువు హరిప్రసాద్ చౌరాసియా. సీతారామశాస్త్రికి ఇంటిపేరై కూర్చున్న సినిమా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని వినడానికి.

దాసి (1988): బి. నర్సింగరావు తీసిన తెలంగాణ గడీ కథ. అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, కళా దర్శకత్వం చిత్రకారుడు తోట వైకుంఠం. మాటలు తక్కువ. చూశాక చాలాసేపు మనమూ మాట్లాడం.

గీతాంజలి (1989): మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే సినిమా. ఇళయరాజా పాటలు. వాన పడే రోజుకి.

పాడుతా తీయగా: ఈటీవీలో 1996 నుంచి. పోటీ కంటే మధ్యలో బాలు గారు పాట పుట్టుక గురించి చెప్పే కబుర్లు నాకిష్టం. 2020 సెప్టెంబరు తర్వాత ఆ పాత ఎపిసోడ్ల విలువే మారిపోయింది.

అమృతం: జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా, గుణ్ణం గంగరాజు సృష్టి. టైటిల్ పాట రాసింది మళ్లీ సీతారామశాస్త్రే, సంగీతం కళ్యాణి మాలిక్. ప్రాజెక్టు రిలీజ్ వాయిదా పడిన రోజు రాత్రి ఒక ఎపిసోడ్. మందు కంటే బాగా పనిచేస్తుంది.

పెళ్లిచూపులు (2016): తరుణ్ భాస్కర్. మేం మాట్లాడుకునే హైదరాబాదీ తెలుగు తెరమీద మొదటిసారి అచ్చం అలాగే వినపడినట్టు అనిపించింది.

బలగం (2023): వేణు యెల్దండి. చివర్లో బుడగ జంగం కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాట. ఒంటరిగా చూడొద్దని నా షీట్‌లో రాసుకున్నాను.

చూశారుగా, అవార్డుల లిస్టులా లేదు, ఒక మనిషి లిస్టులా ఉంది. మీది ఇంకోలా ఉండాలి, ఉంటుంది కూడా.

షీట్‌లో ఇంకో కాలమ్ కూడా పెట్టుకోండి: ఎక్కడ తీశారు. శంషాబాద్ వాళ్లకైతే ఇది మంచి ఆట. నర్కూడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి, ఆ ఎత్తైన గోపురం, కోనేరు మీరు గుర్తుపట్టకుండానే ఎన్ని సినిమాల్లో చూసి ఉంటారో! షూటింగుల గుడి అనే పేరే పడింది దానికి. ఎయిర్‌పోర్టుకి అంత దగ్గరలో ఉన్న గుడి తెరమీద ఎక్కడెక్కడి ఊళ్లుగానో మారిపోతూ ఉంటుంది.

పోకుండా ఉండాలంటే

సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర 3-2-1 అన్న పాత సూత్రం ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఊళ్లో. ఉదాహరణకి లాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. లేదా మీ దగ్గర ఒకటి, ఊళ్లో అమ్మావాళ్ల దగ్గర ఒకటి. ఒకే బ్యాగులో ఉన్న మూడు కాపీలు మూడు కాదు, ఒకటే. ఏడాదికి రెండుసార్లయినా డిస్క్ పెట్టి తెరిచి చూడండి. చాలాకాలం కరెంటు తగలని ఎస్‌ఎస్‌డీల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. కాస్త టెక్నికల్‌గా ఇష్టమున్నవాళ్లు ప్రతి ఫైల్‌కీ షా-256 చెక్‌సమ్ రాసి పెట్టుకోవచ్చు. అది ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్ మారినా ముద్ర మారిపోతుంది, ఫైల్ పాడైందని తెలిసిపోతుంది.

పేర్లు తెలుగులోనే పెట్టండి. ఇంగ్లిష్ అక్షరాల్లో మాయాబజార్‌ని ఒకరు ఒక 'ఏ'తో రాస్తే ఇంకొకరు మూడు పెడతారు, వెతికితే సగం దొరకవు. తెలుగు యూనికోడ్‌లో ఫైల్ పేర్లు ఇప్పుడు అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో వస్తాయి. ముందు సంవత్సరం, తర్వాత పేరు పెడితే వాటంతట అవే కాలక్రమంలో కూర్చుంటాయి.

దొంగ కాపీల గురించి ఒక మాట. పైరసీ సైటు నుంచి లాగింది కలెక్షన్ కాదు. దానితో వైరస్ రావచ్చు, క్వాలిటీ ఉండదు, చేసినవాళ్లకి రూపాయి వెళ్లదు. దొరికినవి సీడీలు, డీవీడీలు కొనండి. చట్టం కూడా మనం అనుకున్నంత గందరగోళంగా లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకీ, సౌండ్ రికార్డింగుకీ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు. అందులోని పాటల సాహిత్యం, బాణీల లెక్క వేరు, రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లు. 'మాయాబజార్' పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి ఆ సాహిత్యం మీద హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. సొంత వాడకానికి చట్టం కొంత వెసులుబాటు ఇస్తుంది. గ్రూపుల్లో పంచడం, అమ్మడం మాత్రం దాని కిందకి రావు.

ఇక ఫ్లైటు ఎక్కేవాళ్లకి. హార్డ్‌డిస్క్ చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు, చేతి బ్యాగులో పెట్టండి. స్కానర్ ఎక్స్‌రే వల్ల హార్డ్‌డిస్క్‌కి, పెన్‌డ్రైవ్‌కి ఏమీ కాదు. కడగని కెమెరా ఫిల్ము రీలు ఉంటే మాత్రం చేత్తో చెక్ చేయమని అడగండి. పవర్‌బ్యాంక్ ఎలాగూ క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి. యాప్ డౌన్‌లోడ్లు ఇంటి వైఫై మీదే చేసి, బయల్దేరే ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఒక్కొక్కటీ ప్లే అవుతుందో లేదో చూసుకోండి.

ఈ ఆదివారం గంటసేపు

డిస్కులు, కేబుళ్లు తర్వాత కొనొచ్చు. ఈ వారం చేయాల్సింది ఖర్చు లేని పని. అమ్మ పక్కన కూర్చుని ఆమెకి ఇష్టమైన 10 పాటలు అడగండి. పేర్లు రాసుకుంటే చాలదు, ఎందుకు ఇష్టమో అడగండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. ఏ పాట ఏ ఊళ్లో విన్నదో, ఏ సినిమాకి ఎవరితో వెళ్లిందో, ఏ టాకీసులో టికెట్ దొరక్క వెనక్కి వచ్చిందో చెప్తుంది. బహుశా రెండు చరణాలు పాడుతుంది కూడా. సిగ్గుపడితే మీరు మొదలుపెట్టండి, తప్పు పాడితే సరిచేయడానికైనా అందుకుంటుంది.

ఆ పాటలన్నీ ఏదో ఒక యాప్‌లో ఉంటాయి. ఆ గొంతు, ఆ కబుర్లు ఉండవు. మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, పైచదువుకి వెళ్తూ నన్ను ఒక్కటే ఫైల్ అడిగాడు. అది సినిమా కాదు, నాయనమ్మ 4 నిమిషాల పాట. అక్కడ దసరా సెలవులుండవు, తంగేడు పువ్వు దొరకదు. తొమ్మిది రోజులూ ఆఫీసుకీ కాలేజీకీ వెళ్లి వచ్చాక రాత్రి ఒకసారి ప్లే చేసుకుంటాడట. గాజుల చప్పుడు దగ్గర సౌండ్ కాస్త పెంచుతాడట.